స్తంభం మీది ‘ఇంట్లోనే పని’ కాగితం గారికి

మహారాజశ్రీ ‘ఇంట్లోనే కూర్చుని సంపాదించండి’ కాగితం గారికి ఎలక్ట్రీషియన్లు రాసుకున్న విన్నపం.

ఉభయకుశలోపరి. మేమిక్కడ మోకాళ్ల నొప్పులతో క్షేమం. తమరు మైదాపిండి జిగురుతో స్తంభానికి గట్టిగా అతుక్కుని క్షేమంగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాం.

పాతికేళ్లు గోడలకు గాడి కొట్టి, స్లాబుల్లో పైపులు వేసి, ఇక నిచ్చెన ఎక్కలేనివాళ్లు తమరి కింద ఆగి నంబరు రాసుకుంటున్నారు. ‘అనుభవం అక్కర్లేదు, టైపింగ్ వస్తే చాలు’ అన్నారు. అంటే పాతికేళ్ల అనుభవం తమరి లెక్కలో సున్నా. ఆపైన రిజిస్ట్రేషన్ ఫీజు. కూలికి పిలిచినవాడే కూలి అడిగే ఆచారం మా పనిలో ఇంకా రాలేదు. ఫీజు కట్టి పేజీలు కొడితే ‘తప్పులెక్కువ, ఒప్పందం తప్పారు’ అని వకీలు నోటీసు. టెలిగ్రాంలో తమరి తమ్ముడుగారు మరీ ఉదారులు: హోటళ్లకు స్టార్లు నొక్కిస్తారు, తొలిరోజు నూటయాభై చేతిలో పెడతారు, మూడోరోజు వేలల్లో డిపాజిట్ అడుగుతారు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలన్న ముక్క చోటు చాలక వేయలేదనుకుంటాం.

ఇంట్లో కూర్చుని చేసే పని మా చేతికి లేదనుకుంటున్నారేమో, ఒకటి చూపిస్తాం. బిల్డింగ్ డ్రాయింగు పీడీఎఫ్‌లో వస్తుంది, వైరు ఎంత పడుతుందో లెక్క కట్టి పంపాలి. కాంట్రాక్టరు ఏ ఊళ్లో ఉన్నా ఫర్వాలేదు. టైపింగ్ మాత్రమే వచ్చిన కుర్రాడు ప్లానులో గీత కొలిచి, బోర్డు నుంచి ఫ్యానుకు పదడుగులు అని రాస్తాడు. ప్లాను పైనుంచి చూసిన బొమ్మ, అందులో ఎత్తు కనబడదు. స్లాబు పదడుగుల ఎత్తున, బోర్డు నాలుగడుగుల దగ్గర ఉంటే మధ్యలో గోడలో ఆరడుగులు. ఆ ఆరడుగుల్లో ఫేజు, న్యూట్రల్, ఎర్త్ దిగుతాయి. ఫ్యానుకు రెండు, లైటుకు రెండు పైకెళ్తాయి. ఏడు వైర్లు, 42 అడుగులు. ఇలాంటివి పదిహేను బోర్డులుంటే 630 అడుగులు, అంటే 192 మీటర్లు. సైజులన్నీ కలిపి చూస్తే 90 మీటర్ల చుట్టలు రెండు అయిపోయి మూడోది విప్పాలి. బోర్డు దగ్గర కనెక్షన్‌కు వదిలే అడుగు ఇంకా కలపనే లేదు. గాడి కొట్టిన చేతికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

స్కేలు ఇంకో గొయ్యి. ఏ1 కాగితానికి 1:50లో, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుగా, గీసిన డ్రాయింగును పొడవూ వెడల్పూ సగమే ఉండే ఏ3 మీద ప్రింటు తీస్తే అది 1:100 అవుతుంది, మూలన మాత్రం 1:50 అనే రాసి ఉంటుంది. నమ్మి కొలిస్తే వైరు సగమే తేలుతుంది. అందుకే ముందు మూడడుగుల తలుపును కొలిచి సరిచూసుకోవాలి. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు ఇదివరకు తాము చేసిన మూడిళ్ల డ్రాయింగులు తీసి, స్ప్రెడ్‌షీట్‌లో మళ్లీ అంచనా వేసి, అసలు బిల్లుతో పోల్చుకోవాలి. తేడా ఎక్కడొచ్చిందో చెప్పగలిగితే కాంట్రాక్టరుకు చూపించడానికి ఆ షీటు చాలు. మొదట్లో డ్రాయింగుకు ఇంత అని ఇస్తారు, అదీ తక్కువే. తమరిలాగా ఆ మాట దాచం.

ఫోన్లో రిపేరు చెప్పే ఉద్యోగాలూ ఉన్నాయి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) పడిపోతోందంటే ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకు ఉండే బ్రేకర్లు) దించమని, ఆర్‌సీసీబీని ఎత్తించి, ఒక్కో ఎంసీబీ ఎత్తించాలి. ఏది ఎత్తగానే పడిందో ఆ లైనులో ప్లగ్గులు పీకించాలి. చాలాసార్లు గీజరే దొంగ. అన్నీ దించినా పడుతుంటే న్యూట్రల్ ఎక్కడో ఎర్త్‌కు తగిలి ఉండొచ్చు, ఒంటి పోలు ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్‌ను కోయదు. మాడు వాసన వస్తోందన్నా అంతే, మెయిన్ దించమని చెప్పి మనిషిని పంపాలి. ఎక్కడ ఫోన్ పెట్టేయాలో తెలియడానికే అనుభవం కావాలి.

సోలార్ వాళ్లకు ప్యానళ్లు ఇచ్చే కరెంటు గ్రాఫులు చూసే మనుషులు కావాలి. ఎండ బాగున్న రోజు కిలోవాట్ ప్యానళ్లకు ఇంచుమించు నాలుగు యూనిట్లు రావాలి. రోజూ ఒకే వేళకు గ్రాఫుకు గాటు పడితే నీళ్ల ట్యాంకు నీడో, కొబ్బరిచెట్టు నీడో. మిట్టమధ్యాహ్నం సున్నాకు పడి మళ్లీ లేస్తుంటే లైనులో ఓల్టేజీ పెరిగి ఇన్వర్టర్ ఆగుతోందేమో చూడాలి. దీనికి టైపింగ్ ఒక వేలితో కొట్టినా చాలు.

చివరగా ఒక చిన్న విన్నపం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర తమరు డేంజర్ బోర్డు మీదే అతుక్కున్నారు, పుర్రె బొమ్మ కనబడటం లేదు. కాస్త పక్కకు జరగగలరు. కుదరకపోతే ఆ బొమ్మను తమరి మీదే అచ్చు వేయించుకున్నా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
నిచ్చెన దిగుతున్నవాళ్లు