సీలింగ్ ఫ్యాన్‌కి అయస్కాంతాలు అతికిస్తే కరెంటు బిల్లు పోతుందా?

పాత సీలింగ్ ఫ్యాన్ విప్పి, లోపల నియోడిమియం అయస్కాంతాలు అతికించి, పీవీసీ పైపు రెక్కలు బిగించి డాబా మీద గాలిమరలా నిలబెడితే ఇంటికి కావాల్సిన కరెంటంతా ఉచితమేనంటూ వాట్సాప్‌లో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. వాటిలో చెప్పే మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"కరెంటు ఇచ్చేది అయస్కాంతాలే, ఎన్ని పెడితే అంత ఎక్కువ." కాదు. కాయిల్ (తీగ చుట్ట) నుంచి కరెంటు తీసుకోవడం మొదలుపెట్టగానే తిరగనివ్వకుండా ఎదురు బలం పుడుతుంది. దాన్ని తోసుకుంటూ తిప్పాల్సింది గాలి. రెక్కల సత్తా పెంచకుండా అయస్కాంతాలు పెంచుకుంటూ పోతే చిన్న గాలికి రెక్కలు కదలనే కదలవు. పైగా ఫ్యాన్ స్టేటర్‌లోని (తిరగకుండా ఉండే, తీగ చుట్టిన భాగం) ఇనుప పళ్లను అయస్కాంతాలు పట్టేసుకుంటాయి. చేత్తో తిప్పి చూడండి, ఆగి ఆగి తిరుగుతుంది.

"మల్టీమీటర్‌లో 40 వోల్టులు చూపించింది, 12 వోల్టుల బ్యాటరీ ఎందుకు నిండదు?" ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. వోల్టులు కొలిచే ఆ మీటర్, కరెంటు దాదాపుగా తీసుకోదు, అందుకే అంత వోల్టేజీ కనిపిస్తుంది. ఫ్యాన్ వైండింగ్ (లోపలి తీగ చుట్లు) 230 వోల్టుల కోసం చుట్టింది: సన్న తీగ, చాలా చుట్లు. దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, 200 ఓమ్‌లు అనుకుందాం. 40లోంచి బ్యాటరీ 12 తీసేస్తే 28. దాన్ని 200తో భాగిస్తే 0.14 ఆంపియర్లు. బ్యాటరీకి చేరేది 2 వాట్లు కూడా కాదు, అంతకు రెట్టింపు పైనే వైండింగ్‌లో వేడైపోతుంది. లావు తీగతో తక్కువ చుట్లు వేసి మళ్లీ చుట్టిస్తే కొంత నయం. ఆ ఖర్చు మాత్రం వీడియోలో చెప్పరు.

"బల్బు వెలిగింది కదా!" ఎల్‌ఈడీ బల్బు ఒకటి రెండు వాట్లకే వెలుగుతుంది. అసలు కొన్ని వీడియోల్లో తిప్పుతున్నది గాలి కాదు, డ్రిల్లింగ్ మెషిన్. దాని ప్లగ్గు ఎక్కడుందో చూపించమనండి.

"ఇల్లంతా నడుస్తుంది." రెక్కల చక్రం అడ్డకొలత 1.2 మీటర్లు, గాలి సెకనుకు 4 మీటర్లు అనుకుంటే అందులో ఉన్న శక్తే సుమారు 43 వాట్లు. బెట్జ్ సూత్రం ప్రకారం ఎంత గొప్ప రెక్కలైనా 59.3 శాతానికి మించి తీయలేవు. ఇంట్లో చేసినదానికి పాతిక శాతం వస్తే మెచ్చుకోవాలి. అంటే 11 వాట్లు. నెలంతా ఆగకుండా వీచినా 8 యూనిట్లు. గాలి వేగం రెట్టింపైతే శక్తి 8 రెట్లవుతుంది నిజమే. కానీ ఆషాఢంలో అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండల మీద వీచే గాలి వేరు, అపార్ట్‌మెంట్ల మధ్య డాబా మీద సుడులు తిరిగే గాలి వేరు.

అలాగని గాలిమర ఇంట్లో చేయలేనిదేమీ కాదు. స్కాట్లాండ్‌లో గ్రిడ్ కరెంటు లేని స్కోరైగ్ అనే ఊళ్లో హ్యూ పిగట్ ఈ పని దశాబ్దాలుగా చేశారు. రెండు ఉక్కు డిస్కుల మీద అయస్కాంతాలు, మధ్యలో రెసిన్‌లో పోతపోసిన రాగి కాయిళ్లు. కాయిళ్లలో ఇనుము లేదు కాబట్టి అయస్కాంతాలు పట్టేయవు. డిస్కుకు 12 అయస్కాంతాలు, మొత్తం 9 కాయిళ్లు పెడితే త్రీఫేజ్ వస్తుంది. గాలి మరీ ఎక్కువైతే గాలిమర వెనకున్న తోక మడుచుకుని రెక్కలు పక్కకు తిరిగిపోతాయి.

"చిన్నదే కదా, బ్రేకు ఎందుకు?" అనడం గాలిలో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అన్నట్టే. బ్యాటరీ వైరు ఊడితే లోడు (కరెంటు తీసుకునేది) ఉండదు, రెక్కల వేగం అదుపు తప్పుతుంది, వోల్టేజీ ఎగబాకుతుంది. జిగురు వదిలితే అయస్కాంతాలు ఊడి ఎగురుతాయి. మూడు ఫేజుల వైర్లనూ కలిపి షార్ట్ చేసి బ్రేకులా పనిచేసే స్విచ్ కింద చేతికందేలా ఉండాలి. పెనుగాలి మొదలయ్యాక అది కూడా ఆపలేకపోవచ్చు, కాబట్టి ముందే వేసేయాలి.