మహారాజశ్రీ రిఫరీ విజిల్ గారికి

విజయనగరం

అయ్యా,

మా జట్టు కెప్టెన్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఏ పీఈటీ మాస్టారి బల్ల సొరుగులోనో విశ్రాంతి తీసుకుంటున్న తమరు కూడా క్షేమమేనని తలుస్తాను. కబడ్డీకైనా వాలీబాల్‌కైనా తమరి కూత లేనిదే పూట గడవని ఈ జిల్లాలో, మేము కొందరం ఆడామగా కలిసి ఆదివారం ఉదయాలు అయోధ్య మైదానంలో ఒక మూల చేరి, తమరి అవసరం బొత్తిగా లేని ఆట ఒకటి ఆడుతున్నామనీ, తమరు లేకపోవడం వల్ల మేము పడుతున్న అగచాట్లు అన్నీ ఇన్నీ కావనీ విన్నవించుకోవడానికే ఈ లేఖ.

ఆట పేరు అల్టిమేట్. 175 గ్రాముల ప్లాస్టిక్ డిస్కుతో అటు ఏడుగురు, ఇటు ఏడుగురు ఆడతారు. మాది మిక్స్‌డ్ కనుక ఏడుగురిలో నలుగురు మగవారైతే ముగ్గురు ఆడవారు ఉంటారు, కొన్ని పాయింట్లకు ఆ లెక్క తిరగబడుతుంది. డిస్కు చేతికి వచ్చినవారు దానితో పరుగెత్తకూడదు. ఎదుట నిలబడి అడ్డుకునేవారు పైకి వినబడేలా పది లెక్కపెట్టేలోగా దాన్ని ఇంకొకరికి విసరాలి. అవతలి చివరనున్న ఎండ్ జోన్‌లో సొంత జట్టువారు అందుకుంటే పాయింటు. 1968లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, మేపుల్‌వుడ్ అనే ఊళ్ళో హైస్కూలు పిల్లలు మొదలుపెట్టిన ఈ ఆటను నడిపే ప్రపంచ సమాఖ్యకు 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు కూడా ఇచ్చింది. అయినా ప్రపంచ పోటీలలో సైతం ఫౌలు జరిగిందా లేదా అన్నది ఆడేవాళ్ళే మాట్లాడుకుని తేల్చుకోవాలట. గేమ్ అడ్వైజర్ అని ఒకరు గీత పక్కన నిలబడితే నిలబడవచ్చు గాని, ఆయన నియమమేమిటో గుర్తుచేస్తాడే తప్ప తీర్పు చెప్పడు. అంత పెద్ద మనిషి దగ్గర కూడా తీర్పు చెప్పే పని తమరికి లేదని తెలిసి, తమరి తరఫున నేనే కొంత బాధపడ్డాను.

మా మైదానానికి నడకకు వచ్చే ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "అదేటి బావూ, తప్పొప్పులు సెప్పీవోడు ఎవులూ నేరా?" అని అడిగారు. లేరండి, మేమే చెప్పుకుంటాం అన్నాను. "అయితే ఇది ఆట కాదు, తగువు" అని తేల్చి, చోద్యం చూడటానికి అరుగు మీద సర్దుకు కూర్చున్నారు. తగువు మొదలైతే పిలవమని కూడా చెప్పారు.

తమరి విలువ తమరు లేనిచోటనే బాగా తెలుస్తుంది. మిగతా ఆటల్లో మోచెయ్యి ఎదుటివాడి డొక్కలో దిగినా, మనం చేయవలసింది తమరి వైపు ఒకసారి చూడటమే. తమరు మోగకపోతే తప్పు జరగనట్టే. పొరపాటున మోగారా, రెండు చేతులూ పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి, పసిపిల్లాడి మొహం పెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఓడిపోయినా దిగులు లేదు, అంపైరు అవతలివాళ్ళ మనిషి అన్న ఒక్క మాటతో ఊరంతా సంతృప్తిగా భోజనానికి లేస్తుంది. ఇన్ని వేల మంది అబద్ధాలను ఒక్క గొంతుతో మోసి, తిట్లు తిని, చివరికి సొరుగులో పడుకునే ఉపకారి తమరు. మాకు ఆ వెసులుబాటు లేదు. ఓడినవారం నేరుగా ఇంటికి వెళ్ళి, అవతలివాళ్ళు బాగా ఆడారని మా నోటితో మేమే చెప్పవలసి వస్తోంది. ఉత్తరాంధ్రలో ఇంత అన్యాయం మరే ఆటగాడికీ జరగలేదు.

ఆ మధ్య శ్రీకాకుళం నుంచి ఒక జట్టు వచ్చింది. చెరి సమానంగా ఉండగా, ఎవరు ముందు వేస్తే వారిదే ఆట అన్న పాయింటు దగ్గర, మా జట్టులోని మెడికల్ రిప్రజెంటేటివ్ ఒకాయన గాలిలోకి లేచి డిస్కును ఒంటిచేత్తో అందుకున్నారు. మావాళ్ళందరూ అప్పటికే కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చారు. అవతలి జట్టులో అటు దగ్గరగా ఉన్న ఒకే ఒక్క అమ్మాయి, తను సరిగ్గా చూడలేదని నిజాయితీగా ఒప్పుకుంది. ఆయన మాత్రం వంగి, బూటు మడమకు అంటిన ముగ్గుపిండిని వేలితో తీసి చూసుకుని, "గీత మీద దిగాను, పాయింటు కాదు" అన్నారు. ఎండ్ జోన్ గీత ఎండ్ జోన్‌లో భాగం కాదని ఈ ఆట నియమం. దాని మీద కాలు మోపి పట్టుకుంటే గీత దగ్గర నుంచి ఆట కొనసాగించాలి. కొనసాగించాం. తరువాతి విసురు చేజారింది, శ్రీకాకుళం వాళ్ళు అటు నుంచి మూడు విసుర్లలో వచ్చి గెలిచి వెళ్ళారు. మా కుర్రాడొకడు "ఎవరూ అడగలేదు కదన్నా!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తమరుంటే ఆ ముగ్గుపిండి గొడవ తమరి ఖాతాలో పడి ఉండేది, మేము గెలిచేవాళ్ళం, ఆయన తన బూటును తాను చూసుకునే అవసరమే రాకపోయేది. కెప్టెన్‌గా నేను అందరి ముందూ ఆయన భుజం తట్టి, మంచిపని చేశారని చెప్పవలసి వచ్చింది. చెప్పేటప్పుడు మొహం కూడా ఆ మాటకు తగ్గట్టుగా పెట్టడమే ఈ ఉద్యోగంలో అసలు కసరత్తు.

కెప్టెన్సీ అంటే మా ఊరికి పాత పేరే ఉంది లెండి. 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండుకు నడిపించిన విజ్జీ మహారాజకుమార్ మా రాజవంశీకులే. మూడు టెస్టుల్లో ఆరుసార్లు బ్యాటు పట్టి మొత్తం 33 పరుగులు చేశారు, రెండు టెస్టులు ఓడిపోయారు. ఆ పర్యటనలో మంచి ఊపు మీదున్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే క్రమశిక్షణ పేరుతో ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆ ఏడే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. అంతటి వారసత్వం ఉన్న ఊళ్ళో నేను మాత్రం అందరితోపాటు వంతు ప్రకారం కొన్ని పాయింట్లకు బయట కూర్చోవాలి, నిన్నగాక మొన్న చేరి డిస్కును చపాతీలా తిప్పుతున్న కొత్త పిల్లను గట్టి పోటీలో కూడా లోపలికి పంపాలి, ఆ పిల్ల వదిలేస్తే "పరవాలేదమ్మా, మళ్ళీ వెళ్ళు" అనాలి. ఎవరినీ ఓడ ఎక్కించే వీలు లేదు. విజయనగరంలో రేవు కూడా లేదు.

ఇప్పుడు తమరికి బొత్తిగా చేతకాని సంగతి ఒకటి చెబుతాను, ఏమీ అనుకోకండి. మా పాలిటెక్నిక్ కుర్రాడు మంచి ఆటగాడు, చేతిలో బలం ఉంది, పొడవు విసురు అంటే ప్రాణం. ఒకరోజు డిస్కు అతని చేతిలో ఉంది. ఎదుటివాడి లెక్క నాలుగు దాటి అయిదుకు వచ్చింది. కుడివైపు పది అడుగుల దూరంలో, చుట్టుపక్కల ఒక్కరూ లేకుండా, మా బ్యాంకు ఉద్యోగిని చెయ్యెత్తి నిలబడి ఉన్నారు. కుర్రాడి చూపు ఆమె మీదుగా వెళ్ళింది, ఆగలేదు. ఏడు అనేసరికి దూరాన ముగ్గురు అవతలివాళ్ళ మధ్య ఎగురుతున్న తన స్నేహితుడికి విసిరాడు. అది ఎక్కడ పడాలో అక్కడే పడింది. "గాలి ఎక్కువగా ఉందక్కా" అన్నాడు. "తమ్ముడూ, నేను చెయ్యెత్తింది బస్సు ఆపడానికి కాదు" అన్నారామె, చాలా మర్యాదగా.

అయ్యా, నియమాల పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా తిరగేసినా దీనికి ఫౌలు దొరకదు. ముగ్గురు ఆడవారు ఉండాలన్న లెక్క సరిపోయింది, ఎవరూ ఎవరినీ తోయలేదు, పది అనకముందే విసిరాడు. తమరు ఊదడానికి అక్కడ ఏమీ జరగలేదు. మైదానంలోకి పిలిచి, పరుగెత్తించి, చెమటలు పట్టించి, డిస్కు మాత్రం ఇవ్వకుండా ఇంటికి పంపడం మన ప్రాంతంలో చాలా జట్లు ఎంతో సభ్యతగా చేసే పని. ఆడవాళ్ళకు అవకాశం ఇస్తున్నామని ఫొటో కూడా దిగుతారు. ఇంకా ముచ్చటైన సంగతి, ఆమెకే విసిరిన డిస్కును కూడా పక్కనుంచి పరుగెత్తుకొచ్చి అందుకునే సహాయకులు ఉంటారు. ఆమె వదిలేస్తుందేమోనని వారి దిగులు. వారు వదిలేస్తే మాత్రం అది గాలి.

ఆ కుర్రాడికి నేను ఉపన్యాసం ఇవ్వలేదు. తరువాతి ఆటలో సగంసేపు గీత బయట కూర్చోబెట్టి, ఎవరు ఖాళీగా ఉన్నారు, డిస్కు ఎవరికి వెళ్ళింది అన్నవి రెండు వరుసల్లో రాయమన్నాను. ఆట మధ్య విరామంలో ఆ కాగితాన్ని అందరికీ చదివి వినిపించబోయి, తనే మధ్యలో ఆగిపోయాడు. ఆ రోజు నుంచి అతని మెడ కుడివైపుకు కూడా తిరుగుతోంది.

ఇక తగువుల మాట. ఒకరు "ఫౌల్" అంటారు, ఎదుటివారు ఒప్పుకుంటే సరే, లేదంటే "కాంటెస్ట్" అంటారు. ఇద్దరూ రెండు ముక్కల్లో తాము చూసింది చెప్పుకుని, అప్పటికీ తేలకపోతే డిస్కు మళ్ళీ విసిరినవారి చేతికి వెళుతుంది. కాగితం మీద ఇంత సులువు. కాని మా జట్టులో ఒక జూనియర్ లాయరు గారున్నారు. రెండు ముక్కలు అంటే ఆయన లెక్కలో వాదన, ప్రతివాదన. ఆయన మొదలుపెట్టినప్పుడు అరుగు మీది పెద్దాయన ఆశగా ముందుకు జరుగుతారు. ఇలాంటప్పుడు అవతలివారిని ఎదిరించడం ఏ కెప్టెన్ అయినా చేయగలడు. సొంతవాడిని పక్కకు పిలిచి, "అది ఫౌలు కాదు, నేను చూశాను, వెనక్కి తీసుకోండి" అని చెప్పవలసింది కూడా తనవాళ్ళేనని ఈ ఆట నియమాల్లో మొట్టమొదటి భాగంలోనే రాసిపెట్టారు. తమవాడి తప్పును తామే చెప్పడం అన్న మాట మన వీధుల్లో, సభల్లో, బంధువర్గంలో ఎక్కడైనా విన్నారా తమరు? మాకు అది వారం వారం ఉండే పని.

ఆట అయ్యాక ఇరుజట్లూ కలిసి ఒకరి పక్కన ఒకరుగా గుండ్రంగా నిలబడి మాట్లాడుకోవాలి, ఆపైన ఎదుటి జట్టుకు మార్కులు వేయాలి. నియమాల తెలివిడి, ఒంటికి ఒళ్ళు తగలకుండా ఆడటం, న్యాయబుద్ధి, నిగ్రహం, మాటతీరు అని అయిదు అంశాలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు వరకు. బాగా జరిగిన మామూలు ఆటకు ఒక్కోదానికి రెండు చొప్పున మొత్తం పది అని లెక్క. ఇరవైకి పది అంటే మన ఇళ్ళల్లో ఏమవుతుందో తమరికి తెలియనిది కాదు. అందుకని అందరూ కాలేజీ ప్రాక్టికల్స్ పద్ధతిలో ఒకరికొకరు ఇరవైకి ఇరవై వేసేసుకుని, చేతులు కలిపి, స్కూటరెక్కిన తరువాత అసలు అభిప్రాయం చెప్పుకుంటారు. మేము శ్రీకాకుళం వారికి పదకొండు వేసి, ఎందుకో కారణం కూడా రాస్తే, వారి కెప్టెన్ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి, ఒళ్ళు తగలడం దగ్గర ఒక మార్కు ఎందుకు తగ్గిందో అడిగి తెలుసుకున్నారు. మా ఇంట్లో అయితే ఇప్పటికీ "గెలిచారా?" అన్న ప్రశ్నకు "పద్నాలుగు వచ్చింది" అంటే, టిఫిను ప్లేటు కొంచెం గట్టిగానే బల్ల మీద పడుతుంది.

తమరు మరీ నిరాశపడనక్కరలేదు. అమెరికాలో 2012 నుంచి నడుస్తున్న ప్రొఫెషనల్ లీగులో ఈ ఆటకే రిఫరీలను పెట్టుకున్నారు, తమరి బంధువర్గానికి అక్కడ చేతినిండా పని. మాకు మాత్రం తమరిని పెట్టుకునే ఉద్దేశం ప్రస్తుతానికి లేదు. ముగ్గుపిండి అంటిన ఆ బూటును ఆయన వంగి చూసుకున్న పద్ధతి మా కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురికి అంటుకుంది, మధ్యలో తమరొచ్చి దాన్ని చెడగొడితే మళ్ళీ మొదటికి వస్తాం.

అయితే ఒక చిన్న కొలువు ఖాళీగా ఉంది. ఉదయం ఆరు గంటలకు మేము గీతలు గీసే సరికే క్రికెట్ బంతులు, నడక వారు, రెండు ఆవులు మా ఎండ్ జోన్‌లో ఉంటున్నాయి. ఎంత మర్యాదగా బతిమాలినా ఆవులు కాంటెస్ట్ చేస్తున్నాయి. అయిదున్నరకల్లా వచ్చి ఒక పావుగంట గట్టిగా మోగి వెళ్ళిపోగలిగితే చాలు. జీతం ఇవ్వలేము, టీ మాత్రం ఇప్పిస్తాం. ఆరు దాటాక ఒక్క కూత కూడా పనికిరాదన్న షరతుకు ఒప్పుకుంటేనే బయలుదేరండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆదివారం మిక్స్‌డ్ జట్టు కెప్టెన్