బ్యాక్ ర్యాంక్ పజిల్స్‌ని లేబుల్ చూసి చేయకండి

చెస్ పజిల్ పైన "బ్యాక్ ర్యాంక్ మేట్" (సొంత బంట్లే దారి మూయడంతో కింగ్ తన చివరి వరుసలోనే చిక్కి ఓడిపోవడం) అని ఉంటే సగం జవాబు చేతికిచ్చేసినట్టే. ఏదో ఒక పావు ఇ8 లాంటి చివరి వరుస గడికి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) వెళ్లాలని ముందే తెలిసిపోతుంది. అలాంటివి వందలు చేసినా గేమ్‌లో ఆ బలహీనత కంటపడదు. దయచేసి థీమ్ సెట్లు (ఒకే రకం పజిల్స్) కొన్నాళ్లు చేసి, తర్వాత కలగాపులగం సెట్‌కి మారండి.

మొదట చూడాల్సింది చెక్ కాదు, అవతలి కింగ్‌కి పారిపోయే దారి. జి8లో కింగ్, ముందు ఎఫ్7, జి7, హెచ్7 బంట్లు ఉంటే దారి లేదు. హెచ్ బంటుని హెచ్6కి జరిపి కింగ్‌కి కిటికీ తెరిచారు కదా అని వదిలేయకండి. మీ బిషప్ డి3 నుంచి హెచ్7ని చూస్తుంటే ఆ కిటికీ మూసే ఉంది.

తర్వాత ఇ8 మీద లెక్క: మీ దాడులెన్ని, వాళ్ల కాపలాలెన్ని. మీకు ఇ ఫైల్‌లో (నిలువు వరుసలో) రూక్, వెనక క్వీన్. అవతల కాపలాకి డి8 రూక్ ఒక్కటే. రూక్ ఇ8 చెక్, రూక్ కొడుతుంది, క్వీన్ కొడితే మేట్. అదే వాళ్ల క్వీన్ డి7లో ఉంటే కాపలా రెండు, లెక్క సమానం. అప్పుడు ఒకదాన్ని పక్కకి లాగే ఎత్తు వెతకాలి. చాలామంది మర్చిపోయేది అడ్డం వచ్చే పావు: డి6 బిషప్ ఎఫ్8కి వచ్చి కూర్చుంటే మేట్ లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, మీ సొంత చివరి వరుస. 1914 మాస్కోలో బెర్న్‌స్టైన్ (తెలుపు), కాపబ్లాంకా (నలుపు) ఆడిన గేమ్ బోర్డు మీద పెట్టి చూడండి. తెల్ల కింగ్ జి1, క్వీన్ ఇ2, రూక్ సి3; నల్ల కింగ్ జి8, క్వీన్ బి6, రూక్ డి8. ఎఫ్, జి, హెచ్ బంట్లు రెండు వైపులా కదల్లేదు. ఎత్తు నల్లవాళ్లది. చెయ్యి ముందు క్వీన్ బి1 చెక్ వైపే పోతుంది. తెల్ల క్వీన్ ఎఫ్1కి అడ్డం వస్తుంది, ఆశగా రూక్ డి1 ఆడితే రూక్ సి8 చెక్, మేట్ అయ్యేది నల్ల కింగే! కాపబ్లాంకా ఆడింది క్వీన్ బి2. కొడితే రూక్ డి1 మేట్. క్వీన్ ఇ1కి తగ్గితే నల్ల క్వీన్ సి3 రూక్‌ని కొట్టేస్తుంది. తిరిగి కొడితే మళ్లీ డి1లో చెక్, క్వీన్ ఇ1కి అడ్డం వచ్చినా రూక్ దాన్ని కొట్టి మేట్. రూక్ సి2కి వెళ్తే బి1లో చెక్, క్వీన్ ఎఫ్1కి రాగానే సి2 రూక్ పోతుంది. క్వీన్ బి2 పడగానే బెర్న్‌స్టైన్ ఓటమి ఒప్పుకున్నాడు.

పజిల్ తప్పితే వెంటనే తర్వాతది నొక్కకండి. ఏది చూడలేదో ఒక్క మాటలో రాసుకోండి: దారా, కాపలానా, అడ్డమా, సొంత వరుసా. నాలుగింటిలో ఒకటే పదేపదే వస్తుంటే, ఈసారి ఎత్తు ఆడేముందు దాన్నే మొదట చూడండి.