చచ్చిన స్టేడియం కళ్లు చారెడు

లండన్‌లోని పాత వెంబ్లీ ఫుట్‌బాల్ స్టేడియం బొమ్మ ఒకటి మొన్న మా గోడెక్కింది. కింద మూల ‘వింటేజ్’ అని రాసి ఉంది. అచ్చయింది మాత్రం పోయిన నెలలోనే. అంచులకు టీ మరకలాంటి రంగు పట్టించి, నడిమధ్యలో రెండు మడతలు కూడా వేశారు. వేలితో తడిమితే తగలని మడతలవి. నెరిసిన జుట్టుకు రంగేసుకుని వయసు దాచుకునే లోకంలో, పుడుతూనే ముసలితనం పూసుకొచ్చిన ఆ కాగితాన్ని చూసి ముచ్చటేసింది.

బొమ్మలో లండన్ ఆకాశం మచ్చలేని నీలం. ఈ ఒక్క నేరానికే చిత్రకారుడి మీద కేసు పెట్టొచ్చు, పోనీ వదిలేద్దాం. 126 అడుగుల జంట బురుజులు ఉతికి ఆరేసినంత తెల్లగా ఉన్నాయి. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. జనం లేని వెంబ్లీ నిజంగానే అందంగా ఉంటుంది. 1923లో అక్కడికి వచ్చినవాళ్లకే ఆ సంగతి తెలియలేదు పాపం.

ఆ ఏడాది ఏప్రిల్ 28న, 300 రోజుల్లో కట్టి ముగించిన స్టేడియంలో మొదటి ఆట, ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్బులు పోటీపడే ఎఫ్.ఎ. కప్ ఫైనల్. అధికారిక లెక్క 1,26,047 మంది. గోడలు దూకినవాళ్లను కలుపుకుంటే రెండు లక్షలు దాటి ఉంటారని అంచనా. మైదానంలో గడ్డి లేదు, అన్నీ తలకాయలే. అప్పుడు జార్జ్ స్కోరీ అనే పోలీసు బిల్లీ అనే గుర్రమెక్కి వచ్చి, జనాన్ని మెల్లగా గీత అవతలికి నెట్టుకుంటూ పోయాడు. ముప్పావుగంట ఆలస్యంగా ఆట మొదలైంది. రెండో నిమిషంలోనే బోల్టన్ ఆటగాడు డేవిడ్ జాక్ గోల్ కొట్టాడు. బోల్టన్ 2-0తో వెస్ట్‌హామ్‌ను ఓడించింది. ఇంతా చేస్తే చరిత్రలో దాని పేరు ‘తెల్లగుర్రం ఫైనల్’.

బిల్లీ తెల్లగుర్రం కాదు. బూడిదరంగుది. ఆనాటి ఫిల్ములో తెల్లగా పడింది, అంతే. ఆ రోజు ముదురు రంగు గుర్రాలు కూడా చెమటోడ్చాయి, కానీ ఫిల్ములో మెరవలేదు కనక వాటి పేర్లు ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు స్టేడియం దగ్గరి వంతెనకు కూడా వైట్ హార్స్ బ్రిడ్జ్ అనే పేరు. గుర్రాన్ని తెల్లబరిచిన జాతి, కాగితాన్ని గోధుమరంగు చేసి అమ్మితే నేనెందుకు నొచ్చుకోవాలి?

బొమ్మలోకి ఎక్కని జంతువు ఇంకొకటుంది: కుక్క. 1927 నుంచి వెంబ్లీలో గ్రేహౌండ్ పందేలు నడిచాయి. వాటి బాట మైదానానికీ ప్రేక్షకుడికీ అడ్డంగా ఉండేది. గోల్ చూడ్డానికొచ్చినవాడు ముందు కుక్కల దారిని చూడాలన్నమాట. 1966 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్-ఉరుగ్వే ఆటను వైట్ సిటీ స్టేడియానికి తరలించారు. ఎందుకంటే ఆ రాత్రి వెంబ్లీలో కుక్కల పందెం, దాన్ని ఆపడానికి యజమాని ఒప్పుకోలేదు. ఆయన్ని తప్పుపట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. ప్రపంచకప్ నాలుగేళ్లకోసారి వచ్చే చుట్టం. కుక్కలు ఇంటివాళ్లు.

ఇక ఆఖరి ఆట 2000 అక్టోబర్ 7న. బొమ్మలోని నీలాకాశం ఆ రోజు సెలవు పెట్టింది. వానలో జర్మనీ 1-0తో ఇంగ్లాండ్‌ను ఓడించి పోయింది. ఇంగ్లాండ్ మేనేజర్ కెవిన్ కీగన్ రాజీనామా మాట స్టేడియం మరుగుదొడ్డిలోనే తేలిపోయింది. 77 ఏళ్ల చరిత్రకు మంగళహారతి అక్కడ పట్టారు. ఆ గది కూడా ఓ మూల గీసి ఉంటే బొమ్మకు నిండుదనం వచ్చేది. కొత్త స్టేడియంలో 2,618 మరుగుదొడ్లు కట్టారంటే, ఎవరో గుణపాఠం నేర్చుకున్నారనే అనుకోవాలి.

నిలబడి ఉన్నన్నాళ్లూ పాతబడిందని, స్తంభాలు అడ్డమని సణిగారు. 2003లో బురుజుల్ని కూల్చేశారు. కూలిన దుమ్ము అణగకముందే అది పవిత్రస్థలమైపోయింది. ఇప్పుడది వానకు తడవదు, ఎండకు వెలిసిపోదు. మా గోడ మీద ఒక్క మేకుతో నిలబడింది.

133 మీటర్ల తోరణంతో 2007లో తెరిచిన కొత్త వెంబ్లీ బొమ్మ కూడా ఇవ్వమని అమ్మినాయన్ని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

“అది ఇంకా ఉంది కదండీ,” అన్నాడు.