ఎవరిచ్చారీ బిషప్ పదవి?

క్రిస్మస్ నెల వచ్చిందంటే చాలు, ప్రభుత్వ విందుల్లో, పార్టీల ఆత్మీయ సమావేశాల్లో ముందు వరస కుర్చీలన్నీ ‘బిషప్’లతో నిండిపోతాయి. ఊదా రంగు చొక్కా, మెడలో పెద్ద శిలువ, పేరుకు ముందు రైట్ రెవరెండ్, దాని పక్కనే డాక్టర్. వీరిలో ఎందరిని ఏ సంఘం ఎన్నుకుంది? ఎవరు అభిషేకించారు? తప్పు చేస్తే పదవి నుంచి దించేదెవరు? పిలిచిన మంత్రికి తెలియదు, శాలువా కప్పిన ఎమ్మెల్యేకి అసలే తెలియదు.

దించేదెవరన్నదే మా ప్రశ్న. కేథలిక్కుల్లో బిషప్‌ను పోప్ నియమిస్తారు, ఆయనే తొలగించగలరు. ప్రొటెస్టెంట్ల పెద్ద చర్చి అయిన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా)లో డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) కౌన్సిల్ ఎన్నుకున్న పేర్లలోంచి సినడ్ (చర్చి మొత్తానికి పైసభ) ఒకరిని ఖరారు చేస్తుంది; వయసు వస్తే ఎంతటివారైనా దిగాల్సిందే. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య ఆంగ్లికన్ చర్చిలో, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంలో, తొలి భారతీయ బిషప్. 2013లో నంద్యాల బిషప్ అయిన పుష్పలలిత సీఎస్ఐలో ఆ పదవికి వచ్చిన తొలి మహిళ. ఇద్దరి పదవికీ ఒక ఊరు ఉంది, ఒక డయోసిస్ ఉంది, లెక్క చెప్పాల్సిన ఒక వ్యవస్థ ఉంది. మరి ఇప్పుడు వాడవాడలా వెలుస్తున్న బిషప్‌లు ఏ ఊరికి? ఏ డయోసిస్‌కి? కొందరికి ఆ హోదా కూడా చాలక ‘అపొస్తలుడు’ (యేసు పంపిన తొలి శిష్యులకున్న పేరు) అయిపోతున్నారు. ఇక పైన మిగిలింది ఏమిటో!

బిషప్ అనకపోతే దేవుని పని ఆగిపోతుందా? ఒంగోలు బాప్టిస్టు మిషన్ 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. దాన్ని నడిపిన మిషనరీ క్లౌ దొర బిషప్ కాదు. బాప్టిస్టుల్లో ఆ పదవే లేదు.

పిలిచేది దేవుడైనప్పుడు మనుషుల అనుమతి ఎందుకని ఏ పెద్ద చర్చి కిందా లేని స్వతంత్ర సంఘాలవారు అడుగుతారు. పెద్ద చర్చిలు పట్టించుకోని పేటల్లో ప్రార్థన మందిరం కట్టింది వాళ్లేనన్నదీ నిజమే. కానీ పిలుపు వేరు, పదవి వేరు. పిలుపుకు సాక్షి అక్కర్లేదేమో గానీ, పదవికి కావాలి. బిషప్‌కు ఉండాల్సిన లక్షణాలు చెబుతూ బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో (ఉత్తరంలో) ధనాపేక్ష ఉండకూడదన్నాడు, కొత్తగా చేరినవాడు కాకూడదన్నాడు, బయటివారి దగ్గర కూడా మంచి పేరు ఉండాలన్నాడు. కాబట్టి ‘ఇది మా లోపలి వ్యవహారం, పత్రికలకెందుకు’ అనే మాట చెల్లదు.

పైగా ఇది గౌరవానికి సంబంధించిన గొడవ మాత్రమే కాదు. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చేయించే అర్హత కొందరికే ఉంది: బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందిన గురువులు, ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన పాస్టర్లు, మ్యారేజ్ రిజిస్ట్రార్లు వగైరా. అర్హత లేనివాళ్లు చేయిస్తే 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు. తనకు తానే బిషప్ అయినాయన పదిమంది తలల మీద చేతులుంచి, అభిషేకించి ‘రెవరెండ్’లను చేస్తాడు. వాళ్లు పెళ్లిళ్లు చేస్తారు. రేపు భరణం కోసమో, పాస్‌పోర్టు కోసమో, భర్త పింఛను కోసమో ఆ కాగితం పట్టుకుని వెళ్లిన ఆడమనిషిని ఈ పెళ్లి చేయించిందెవరు, ఆయనకు అభిషేకం చేసిందెవరు అని అడిగితే ఏం చెబుతుంది? ఆ టెన్షన్ అంతా ఆమెది. బిషప్ గారు అప్పటికి ఇంకో ఊళ్లో మహాసభల్లో ఉంటారు.

డాక్టర్ సంగతి మరీ అన్యాయం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలదే. క్రైస్తవ వేదాంత విద్యలో బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ సెనేట్‌కు 1918 చట్టం ఆ హక్కు ఇచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి చదివి బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) పట్టా తెచ్చుకున్న పల్లెటూరి పాస్టర్‌కు పేరు ముందు ఏమీ ఉండదు. హోటల్ హాలులో గౌనేసుకుని ఫొటో దిగినాయన డాక్టర్! యూజీసీ చట్టం ఉల్లంఘిస్తే జరిమానా వెయ్యి రూపాయల దాకానట. పెద్ద ఫ్లెక్సీ ఖర్చంత కూడా లేదు.

పెద్ద చర్చిలు మాత్రం తక్కువ తిన్నాయా అంటారు. లేదు. సీఎస్ఐ సినడ్ వ్యవహారాలు చూడటానికి 2024లో మద్రాసు హైకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తులను నియమించాల్సి వచ్చింది. సిగ్గుచేటే. అయితే అక్కడ కోర్టుకెళ్లి నిలదీయడానికి ఒక నిబంధనావళి ఉంది. తండ్రి తర్వాత కొడుకు, ఆయన తర్వాత కోడలు బిషప్ అయ్యే సంఘంలో, స్థలం కాగితాలు కూడా వాళ్ల పేరు మీదే ఉన్నచోట, విశ్వాసి ఎవర్ని నిలదీయాలి? దించేవాళ్లే లేరు కదా!

ఈ పని ప్రభుత్వానిది కాదు. ఏపీలో పాస్టర్లకు నెలకు 5 వేల గౌరవ వేతనం పథకం వచ్చాక పాస్టర్ ఎవరన్న ప్రశ్న ప్రభుత్వ ఆఫీసుల దాకా వెళ్లింది; అది అక్కడ తేలడం ఎవరికీ మంచిది కాదు. మండలానికొక పాస్టర్స్ ఫెలోషిప్ ఉంది. ఎవరిని ఎవరు, ఎప్పుడు అభిషేకించారో, ఎవరి క్రమశిక్షణ కింద ఉన్నారో ఒక రిజిస్టర్ రాసి అందరికీ అందుబాటులో పెట్టడానికి వీళ్లకేం అడ్డం? మహాసభలకు నెలల ముందే కమిటీలు వేయగలరు, మంత్రి అపాయింట్‌మెంట్ కోసం కార్లేసుకుని హైదరాబాద్, విజయవాడ తిరగగలరు. నలుగురి పేర్లు నిజాయతీగా రాయమంటే మాత్రం దేవుణ్ని అడ్డం పెట్టుకుంటారా?