కుక్క విశ్వాసంతో నాకున్న పేచీ

"కుక్కకున్న విశ్వాసం మనిషికి లేదు" అన్న మాట మనకు కొత్త కాదు. అప్పు ఎగ్గొట్టిన బంధువైనా, ముసలితనంలో వదిలేసిన కొడుకైనా, పార్టీ మారిన ఎమ్మెల్యే అయినా, తిట్టు చివరికి ఇక్కడికే వస్తుంది. చిన్నప్పటి నుంచీ నాకు ఈ మాట మింగుడు పడదు. కుక్కలంటే ఇష్టం లేక కాదు. మా ఇంట్లో పదమూడేళ్లు ఒక ఊరకుక్క బతికింది. అది పోయినప్పుడు మా అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అయినా ఒక ప్రాణిలో మనకు కనిపించే గొప్ప గుణం మనకు ఎదురు చెప్పకపోవడమే అయితే, మన మెప్పునే కాస్త అనుమానించాలి.

ఆ గుణం ఎలా తయారవుతుందో దగ్గరుండి చూసినవాళ్లున్నారు. 1959లో సోవియట్ శాస్త్రవేత్త ద్మిత్రి బెల్యాయెవ్ సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌లో నక్కల మీద ఒక ప్రయోగం మొదలుపెట్టారు. బొచ్చు కోసం పెంచే నక్కల్లోంచి, మనిషి చెయ్యి చాపితే కరవనివాటిని, బెదరనివాటిని ఏరారు. వాటి పిల్లల్లోనూ మళ్లీ అలాంటివాటినే ఏరారు. శిక్షణ ఏమీ ఇవ్వలేదు, ఏరడం ఒక్కటే. కొన్ని తరాలకే ఆ నక్కలు మనిషిని చూసి తోక ఊపాయి, చేతులు నాకాయి. కొన్నిటి చెవులు వాలాయి, ఒంటి మీద తెల్ల మచ్చలు వచ్చాయి. 1985లో ఆయన చనిపోయాక సహచరురాలు లుద్మిలా త్రూత్ ఆ పని కొనసాగించారు. తోడేలు కుక్కగా మారడానికి వేల ఏళ్లు పట్టింది. ఆ దారి ఎలాంటిదో ఈ నక్కలు కళ్లముందు చూపించాయి. నాకు మాత్రం ఆ కథలో లేని నక్కలే గుర్తుకొస్తాయి. కరిచినందుకు వంశం ఆగిపోయినవి అవి.

కుక్క ప్రేమ ఉత్తదని నేను అనడం లేదు. కుక్క, దాన్ని పెంచినవాళ్లు కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు చూపించారు. తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోన్ అది. ప్రేమ నిజమే. ఆ ప్రేమను ఎవరి అవసరానికి తగ్గట్టు మలిచారన్నదే నా ప్రశ్న.

2003లో వచ్చిన హచ్ సెల్‌ఫోన్ ప్రకటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక పిల్లాడు ఎటు వెళితే అటు ఒక పగ్ కుక్క వెంట నడుస్తుంది, నెట్‌వర్క్ కూడా అలాగే మీ వెంట వస్తుందని చెబుతారు. ఆ తర్వాత మన ఊళ్లలో పగ్‌లకు గిరాకీ పెరిగింది. ముద్దొచ్చే ఆ చప్పిడి ముక్కు కోసం తరతరాలుగా ఏరి పెంచడం వల్ల వాటికి గాలి సరిగా ఆడదు. మే నెల ఎండలో పగ్ రొప్పుతుంటే నాలుక బయటపెట్టి నవ్వుతోందని ఫొటో తీసేవాళ్లను చూశాను. అది నవ్వు కాదు, ఊపిరి కోసం పెనుగులాట. దానికి వద్దనే నోరు లేదు.

17వ శతాబ్దంలో ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ జంతువులను గడియారాల్లాంటి యంత్రాలుగా చూశాడు. 1789లో ఇంగ్లండ్ తత్వవేత్త బెంథామ్ ఆ చర్చను మలుపు తిప్పాడు. అవి ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే అసలు ప్రశ్న అన్నాడు. జంతువుల మీద దయకు నేటికీ ఆ ప్రశ్నే పునాది. దాని పక్కనే ఇంకో ప్రశ్న పెట్టాలని నాకు చాలాకాలంగా ఉంది. ఆ ప్రాణి మనల్ని కాదనగలదా? కాదనే దారి ఏమాత్రం మిగల్చకుండా మనం పొందే ప్రేమ నన్ను ఇబ్బంది పెడుతుంది.

యంత్రాల దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. 1999లో సోనీ ఐబో అనే రోబో కుక్కను అమ్మకానికి పెడితే, జపాన్‌కు కేటాయించిన 3,000 బొమ్మలు 20 నిమిషాల్లో అమ్ముడుపోయాయి. 2006లో తయారీ ఆపేశారు, 2014లో మరమ్మతులూ ఆపేశారు. ఆ తర్వాత చీబా ప్రాంతంలోని ఒక బౌద్ధాలయంలో పాడైన ఐబోలకు వరుసగా అంత్యక్రియలు జరిపారు, పూజారి మంత్రాలు చదివాడు. దాన్ని చూసి నవ్వేవాళ్లతో నేను కలవను. ఒంటరితనం నవ్వులాట కాదు. అయితే డెకార్ట్ జంతువును యంత్రం అన్నాడు, మనం యంత్రాన్ని జంతువు అంటున్నాం. రెండు చోట్లా తప్పిపోయింది ఒకటే, తనకంటూ ఒక ఇష్టం ఉన్న ప్రాణి.

ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడే కృత్రిమ మేధ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీలో చేసిన ఒక మార్పును కొద్దిరోజులకే వెనక్కి తీసుకుంది. అది ఏం చెప్పినా "భలే, భలే" అంటూ అతిగా తల ఊపుతోందని జనమే గొడవ పెట్టారు. జనం ఇచ్చిన లైకులను లెక్కలోకి తీసుకోవడం కూడా దీనికి ఒక కారణమని ఆ సంస్థే చెప్పింది. ఇది చదవగానే నాకు నోవోసిబిర్స్క్ నక్కలు గుర్తొచ్చాయి. అక్కడ కరవనివాటిని ఏరారు, ఇక్కడ నొప్పించని జవాబులను ఏరాం. మనతో వాదించని స్నేహితుణ్ణి తయారుచేసుకోవడం ఎంత తేలికో! అలాంటి స్నేహితుడి దగ్గర పెరిగే పిల్లల గురించి నాకు నిజంగా భయంగా ఉంది.

పెంపుడు జంతువును ప్రేమించేవాళ్లంతా ప్రకృతి ప్రేమికులే అన్న మాట కూడా నేను ఒప్పుకోను. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియంల కోసం తెచ్చిన సకర్ చేప, మన జాలర్లు డెవిల్ ఫిష్ అనేది, ఇవాళ మన చెరువుల్లోకి, నదుల్లోకి చేరి వలలు చింపేస్తోంది. పెద్దదైందని ఎవరో జాలిపడి నీళ్లలో వదిలే ఉంటారు. రాబందులది ఇంకా పెద్ద విషాదం. పశువు నొప్పి తగ్గాలని ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. కోట్లలో ఉన్న పక్షులు నూటికి 95కు పైగా తుడిచిపెట్టుకుపోయాయి. 2004లో కారణం తేలింది, 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. ఎవరి ఒళ్లోనూ కూర్చోని, ఎవరికీ ముద్దు రాని పక్షి కాబట్టి ఎవరూ ఏడవలేదు. తినడానికి అది లేకపోవడంతో ఆ కళేబరాల మాంసం వీధికుక్కలకు మిగిలింది.

వీధికుక్కల గొడవలో రెండు వర్గాల మాటా నాకు సరిగా అనిపించదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు నాలుగేళ్ల బాబును చంపాయి. ఆ తల్లికి "రెచ్చగొట్టకపోతే కుక్క కరవదు" అని ఎవరు చెప్పగలరు? అలాగని అన్నిటినీ ఊడ్చి షెల్టర్లలో పడేయడమూ జరిగే పని కాదు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల కుక్కలన్నిటినీ తరలించమంది. అదే నెల 22న దాన్ని సవరించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవి, దూకుడుగా ఉన్నవి తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. నవంబరు 7న స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లలో పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. ఈ ఉత్తర్వుల మధ్య మరుగున పడేది మామూలు పని. 100 కుక్కల్లో 70కి టీకా వేసి, ఆ లెక్క పడిపోకుండా చూసుకుంటే రేబిస్ గొలుసు తెగుతుంది. చికెన్ కొట్ల వ్యర్థాలను రోడ్డు మీద పోయనివ్వకపోవడం కూడా అందులో భాగమే. వీధికుక్క బిడ్డా కాదు, శత్రువూ కాదు. మన పక్కన, మన చెత్త మీద బతుకుతున్న వేరే జాతి.

కుక్క గొప్పదనం చెప్పాలంటే అందరూ మహాభారతం చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్కను తలుచుకుంటారు. మొదట్లో వచ్చే కుక్కను మరిచిపోతారు. జనమేజయుడి యాగశాల దగ్గరికి వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ముళ్లు ఊరికే కొట్టారు. దాని తల్లి సరమ నేరుగా రాజు దగ్గరికి వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. జవాబు రాకపోతే, నీకు అనుకోని భయం కలుగుతుందని చెప్పి వెళ్లిపోయింది. చక్రవర్తి వణికిపోయి పురోహితుణ్ణి వెతుక్కున్నాడు. వెంట నడిచిన కుక్కకంటే అడిగిన కుక్క మీదే నాకు మక్కువ.

మా సందులో ఒక గోధుమరంగు కుక్క ఉంది. ఆపరేషన్ చేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించారు. రెండేళ్లుగా రోజూ రాత్రి పెరుగన్నం పెడుతున్నాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా ముట్టుకోనివ్వలేదు. గిన్నె కింద పెట్టి నేను నాలుగడుగులు వెనక్కి వెయ్యాలి, అప్పుడే వచ్చి తింటుంది.