జపాన్ వాణిజ్య మిగులు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2011లో మీరు ఇల్లు విడిచి వెళ్లారు. 1980 తర్వాత ఆ దేశపు ఎగుమతి, దిగుమతుల పద్దు లోటులో పడటం అదే మొదలు. భూకంపం తర్వాత అణు రియాక్టర్లు ఆగిపోయి గ్యాసు, చమురు కొనుక్కోవాల్సి రావడం ఒక సాకు. చాలా ఫ్యాక్టరీలు అప్పటికే పరాయి దేశాలకు కాపురం మార్చేశాయి. తర్వాత అప్పుడప్పుడు చుట్టపుచూపుగా వస్తున్నారు, సంతోషం.

‘మా కార్లు గొప్పవి, అందుకే నేను పుట్టాను’ అనేవారు. కార్లు గొప్పవే, కాదనను. కానీ దేశం దాచుకున్నదాంట్లో ఇంట్లో పెట్టుబడికి పోగా మిగిలింది బయటికి పోక తప్పదు. మీ ఒంటి మీది నగలన్నీ జనం ఖర్చు పెట్టుకోని డబ్బే. అవతల అమెరికా అప్పు చేసి మరీ కొనేది. నడుమ పెద్దమనిషి మీరు!

మిమ్మల్ని తగ్గించాలనే 1985 సెప్టెంబరులో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు న్యూయార్క్ ప్లాజా హోటల్లో కూర్చున్నారు. డాలరుకు 240 యెన్ల దగ్గరున్న రేటు 1987 చివరికి 120 దరిదాపుల్లోకి వచ్చింది, అంటే యెన్ బలపడి జపాన్ సరుకు బయటివాళ్లకు ప్రియమైంది. మీరేమో 1986లో డాలర్ల లెక్కన ఇంకాస్త లావెక్కారు. పథ్యం పెట్టిన వైద్యులు పాపం, తెల్లమొహం వేశారు.

మీరు పల్లకీలో ఊరేగినన్నాళ్లూ ఇంట్లో ఈగల మోతే. కార్ల ఫ్యాక్టరీలో చిన్న లోపం కనబడితే కార్మికుడు తాడు లాగుతాడు, దీపం వెలుగుతుంది, సంగతి తేలకపోతే లైను ఆగుతుంది. అక్కడ సెకన్లకు కూడా లెక్కే. అదే కారు పెట్రోలు బంకుకు వెళ్తే? ఒకడు గొట్టం పెడతాడు, ఒకడు అద్దం తుడుస్తాడు, ఇంకొకడు రోడ్డు మీదికొచ్చి వచ్చే బళ్లను ఆపి, నడుం వంచి దండం పెట్టి సాగనంపుతాడు. మర్యాదకు నేనూ మురిసిపోతాను. కానీ ఆ ముగ్గురి జీతమూ పెట్రోలు ధరలోనేగా ఉండేది! 1998 దాకా మన పెట్రోలు మనం పట్టుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకోలేదు.

పెద్ద దుకాణం తెరవాలంటే 1974 నుంచి 2000 దాకా అమల్లో ఉన్న చట్టం ప్రకారం చుట్టుపక్కల చిన్న వ్యాపారులను ఒప్పించుకోవాల్సి వచ్చేది, అది ఏళ్ల తరబడి సాగేది. బియ్యం సంగతి సరేసరి, 1990ల దాకా విదేశీ గింజకు తలుపు దాదాపు మూసే ఉంచారు. పోటీకి ఎదురు నిలిచినవాళ్లు పరుగు నేర్చారు, నీడపట్టున ఉన్నవాళ్లు నిదానం నేర్చారు. జీతం అమెరికా వాడికి దీటుగా వచ్చినా, బజారుకెళ్తే సంచి నిండేది కాదు.

మీ అన్నగారు కరెంట్ అకౌంట్ (సరుకుల వ్యాపారంతో పాటు బయటి రాబడులు కూడా కలిపిన పెద్ద పద్దు) మాత్రం కులాసా. విదేశాల్లో పెట్టిన డబ్బు మీద వడ్డీలు, డివిడెండ్లు వస్తుంటే కాలు మీద కాలేసుకుని బతుకుతున్నారు.

మళ్లీ రాదలిస్తే ముందే కబురు పెట్టండి. బంకుల్లో ఇప్పుడు సెల్ఫ్ సర్వీసు వచ్చింది. అద్దం మీరే తుడుచుకోవాలి.

ఇట్లు,
మీ మెహర్బానీ అక్కర్లేని ఒక పాఠకుడు